ఎత్తి చూడొద్దు

పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోండి, మధ్యలో ఎత్తి చూడొద్దు, అన్నాడు పశువుల ఆసుపత్రి కంపౌండరు ఫోనులో. ఆ మాట విన్నాక మనిషికి ఎత్తి చూడడం తప్ప వేరే ధ్యాస ఉంటుందా. గోడ గడియారంలో మూడూ పన్నెండు. మూడూ ఇరవై రెండు దాకా ఈ తెల్ల తువ్వాలు మీంచి చెయ్యి తియ్యకూడదు. తువ్వాలు ఇంకా తెల్లగా ఏమీ లేదనుకోండి. వెనక గదిలో మంచం కోడుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చున్నాను. నా తొడ మీద మా కోడలి కుక్క, దాని కుడి ముందరి కాలు, ఆ కాలి మీద నా ఎడమ అరచెయ్యి, దాని పైన కుడి చెయ్యి. పేరుకి పైన ఉందే గాని కుడి చెయ్యి చేస్తున్నదేమీ లేదు. కింద పెడితే అది నిలవదు, అందుకని పైన పెట్టాను. కుక్క పేరు బొగ్గు. ముక్కు కొన నుంచి తోక దాకా నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఇప్పుడు కళ్ళు మూసుకోకుండా, నా వంక చూడకుండా, తలుపు వంక చూస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా దాని పక్కటెముకలు నా పొట్టకు తగులుతున్నాయి. నేను లెక్కపెడుతున్నాను. ఎందుకు లెక్కపెడుతున్నానో తెలీదు. నిమిషానికి ఎన్ని ఉండాలో తెలిస్తే కదా ఎక్కువో తక్కువో చెప్పడానికి.

రక్తం నాకు కొత్త కాదు. ముప్ఫై ఆరేళ్ళుగా సెలూన్ నడుపుతున్నవాణ్ణి. గడ్డం గీస్తుంటే ఎప్పుడైనా చుక్క రక్తం వస్తే పటిక ముక్క తడిపి రాస్తే సరిపోతుంది, కుర్చీలో మనిషి అద్దంలోకి చూసుకునేలోపు ఆగిపోతుంది. దీనికీ రాశాను మొదట, బుద్ధి లేక. అది అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇది చుక్క కాదు. బొటనవేలంత పొడుగున చర్మం పెదవిలా విచ్చుకుంది, లోపల లేత గులాబీ రంగుది ఏదో ఒక్క క్షణం శుభ్రంగా కనబడింది, ఆ తరువాత దాని మీదికి ఎరుపు ఊరుతూ వచ్చింది, తొందర లేకుండా, ఆగకుండా. ఆ తొందర లేకపోవడం చూసే ఆసుపత్రికి ఫోను చేశాను. చిమ్ముతోందా కారుతోందా అని కంపౌండరు అడిగాడు. కారుతోందన్నాను. చిమ్మితే వెంటనే చెప్పండి అన్నాడు. ఎవరికి చెప్పాలయ్యా, డాక్టరు లేడన్నావు కదా అన్నాను. డాక్టరుగారు గొడ్ల ఫారానికి వెళ్ళారండీ, ఐదున్నరకి వస్తారు, మీరు అప్పటిదాకా కట్టు కట్టి ఉంచండి, కట్టడం కష్టమేం కాదు, అన్నాడు. ఊళ్ళో పశువుల డాక్టరు ఆ ఒక్కడే. చిగుళ్ళు చూడండి, గులాబీ రంగులో ఉంటే భయం లేదు, తెల్లగా పాలిపోతే మటుకు నాకు ఫోను చెయ్యండి అన్నాడు. పెదవి ఎత్తి చూశాను. బొగ్గుకి చిగుళ్ళు కూడా నలుపే. ఫోను పెట్టేశాక చూశాను గనక ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

మూడూ పద్నాలుగు. రెండే నిమిషాలు. తువ్వాలు కింద ఏం జరుగుతోందో. ఎడమ అరచేతికి వెచ్చగా తగులుతోంది. అది రక్తం వేడా, కుక్క ఒంటి వేడా, నా చేతి వేడా? తువ్వాలు అంచున ఎరుపు ఇందాక నీలం చారకి ఇవతల ఉంది, ఇప్పుడు చార మీద ఉంది. లేక ఇందాకే చార మీద ఉందా. ఈ తువ్వాళ్ళన్నీ సెలూన్‌వి, ఉడకబెట్టి ఆరవేసినవి, ఒక్కొక్కదానికీ ఒక నీలం చార. ఇవాళ సెలూన్‌కి సెలవు. సెలవు రోజు మనిషి కాలు మీద కాలు వేసుకుని పడుకోవచ్చు కదా. భోజనం చేసి కునుకు తియ్యవచ్చు. కాదు, కుక్క కాలికి జడలు కట్టిన బొచ్చు కత్తిరిస్తానని బయలుదేరాను. దాని మోకాలి లోపలి పక్క ఏవో ముళ్ళ గింజలు పట్టి, బొచ్చు ఉండలు కట్టి, అది నాలుగు రోజులుగా నాకుతూ కూర్చుంది. కోడలు పొద్దున వెళ్తూ వెళ్తూ అంది కూడా, నేను సాయంత్రం వచ్చి చూస్తాలెండి మావయ్యా, మీరు దాన్ని ముట్టుకోకండి, నొప్పిగా ఉందేమో కరుస్తుంది, అని. నొప్పి పెట్టకుండా కత్తిరించడం నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుందమ్మా అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. ఐదింటికి వస్తుంది.

ఐదింటికి వస్తుంది. మా కోడలు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తుంది. టికెట్ లేనివాడు చెప్పే మాటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు: ఇప్పుడే ఎక్కానండీ, ఇందాకే పారేశానండీ, మా ఆవిడ దగ్గరుందండీ వెనకాల. మాట వినదట, మొహం చూస్తుందట. అబద్ధం చెప్పేవాడు ముందు గుటక మింగుతాడు మావయ్యా, అని ఒకసారి అన్నం తింటూ చెప్పింది. అప్పుడు మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, గుటక మింగాడు, ముగ్గురం నవ్వుకున్నాం. వాడు సరుకుల లారీ నడుపుతాడు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. మా ఆవిడ పోయి ఆరేళ్ళయింది. అందుకని ఇంట్లో ఉండేది నేనూ, కోడలూ, పెళ్ళయిన మర్నాడు పెట్టెతో పాటు ఆవిడ వెంట దిగిన ఈ నల్లదీ. ఇది గుమ్మం దాటి లోపలికి రాదు కదమ్మా అన్నాను ఆ రోజు. రాదు మావయ్యా అంది. ఆ సాయంత్రమే వచ్చింది, నా మంచం కిందే పడుకుంది, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగేళ్ళు. పుట్టింటి నుంచి తను తెచ్చుకున్నది ఇదొక్కటే. ఇప్పుడు ఇది నా తొడ మీద చచ్చిపోతే.

చచ్చిపోదు. కాలికి గాయమైతే కుక్కలు చచ్చిపోవు. రోడ్డు మీద మూడు కాళ్ళతో తిరిగేవి ఎన్ని లేవు. కానీ అవి రోడ్డు మీద పుట్టినవి. మూడూ పదహారు. ఏం చెప్పాలి? పక్కింటి ప్రహరీ గోడ కడుతున్న మేస్త్రీ ఇనప రేకులు మన గేటు పక్కన పేర్చాడు. పోయిన వారం కోడలు అతనితో గట్టిగానే చెప్పింది, ఎవరికైనా గీసుకుపోతుంది, తీసెయ్యండి అని. బొగ్గు మధ్యాహ్నం బయటికి వెళ్ళింది, రేకుకి గీసుకుంది, కుంటుకుంటూ వచ్చింది. చక్కగా కుదిరింది. ఎంత చక్కగా కుదిరిందంటే నాకు నేనే నమ్మబోయాను. గుటక మాత్రం మింగకూడదు. కుక్క వంక చూస్తూ చెప్పాలి. కత్తెర కడిగి దాచాలి. కత్తెర ఎక్కడ పడేశాను? తలుపు దగ్గర ఉంది, నోరు తెరుచుకుని. కొన మీద ఒక నల్ల వెంట్రుకా, దాని మీద ఎండిపోయిన ఎరుపూ.

జారింది. కత్తెర ఎవరి చేతిలోనైనా జారుతుంది. కుక్క కదిలింది, కత్తెర జారింది. కాదు. ఇక్కడ ఎవరూ లేరు, కుక్కా నేనూ తప్ప, కాబట్టి ఇక్కడ కూడా అబద్ధం చెప్పుకుంటే ఇక నిజం ఎక్కడ చెప్పుకుంటాను. కుక్క కదల్లేదు. రాయిలా నిలబడింది, నన్ను నమ్మి. కదిలింది నా చెయ్యి. బొచ్చు ఉండ మీద ఒక్కొక్క పోగూ తీసుకుంటూ వచ్చాను, చివరి ఉండ చర్మానికి అంటుకుని ఉంది, కత్తెర కొన దాని కిందికి పోనిచ్చాను, అప్పుడు వచ్చింది ఆ వణుకు, భుజం నుంచి ఏదో తీగ మీటినట్టు, రెండు దెబ్బలు, అంతే. అసలు నేను కత్తెర పట్టుకున్నది బొచ్చు కోసం కూడా కాదు. నా చెయ్యి సన్నపని చెయ్యగలదా లేదా అని చూసుకుందామని. ఎవరూ లేనప్పుడు. కుక్క అద్దంలో చూసుకోదు. కుక్క రేపు వెళ్ళి నలుగురిలో చెప్పదు. అది మాట్లాడదు గనక దాని కాలు మీద నన్ను నేను పరీక్ష పెట్టుకున్నాను. ఈ మాట పైకి అనడానికి కూడా నోరు రావడం లేదు. అది వింటుందేమోనని.

మూడూ పద్దెనిమిది. నాన్న చెయ్యి ఇలాగే మొదలైంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, సెలూన్‌లో రెండో కుర్చీ నాది. ముందు టీ గ్లాసు, తరువాత సంతకం, తరువాత కత్తి. వచ్చేవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు. ఇవాళ కొంచెం తొందరగా ఉంది, అబ్బాయి చేత చేయించుకుంటాలెండి, అనేవాళ్ళు. అందరికీ ఒకేసారి తొందర పట్టుకుంది. ఒకరోజు స్టేషన్ మాస్టరు నాన్న కుర్చీలోనే కూర్చున్నాడు, మెడ వెనక్కి వాల్చాడు, నాన్న కత్తి ఎత్తాడు, కత్తి గాల్లో ఆడింది. స్టేషన్ మాస్టరు కళ్ళు మూసుకున్నాడు. గడ్డం గీయించుకునేవాడు కళ్ళు మూసుకునే తీరు నాకు తెలుసు, అది నిద్రకు ముందు మూసుకునే తీరు. ఇది వేరు. దెబ్బ మీద పడబోతుంటే మూసుకునే తీరు. నేను నా కుర్చీలో మనిషిని అలాగే వదిలేసి వెళ్ళి, ఇలా ఇయ్యి నాన్నా, అని ఆయన చేతిలోంచి కత్తి తీసుకున్నాను. అందరూ చూస్తుండగా. ఇచ్చేశాడు. ఆ మర్నాటి నుంచి మూలన స్టూలు మీద కూర్చుని తువ్వాళ్ళు మడతలు పెట్టేవాడు. పదకొండేళ్ళు పెట్టాడు. చివరి రోజుల్లో నేనే అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, నోరు తెరిచే ముందు ఆయన నా చెయ్యి వంక చూసేవాడు. అన్నం వంక కాదు, చెయ్యి వంక. నిలకడగా ఉందా లేదా అని చూసేవాడని నాకు ఇప్పుడు, ఈ ఏడు నెలలుగా, అర్థమవుతోంది.

ఏడు నెలలు. టీ రెండు చేతులతో తాగుతున్నాను, చలికి అన్నట్టు. కత్తెర ఆడించేముందు చిటికెన వేలు మనిషి తల మీద ఆనించి ఊపిరి బిగబడుతున్నాను. నాలుగు నెలల కిందట హెడ్మాస్టరుగారికి చెవి కింద తెగింది. రిటైరైన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా నా దగ్గరికే వస్తాడు. చర్మం పల్చబడింది మాస్టారూ మీకు, అన్నాను. అవునయ్యా, వయసు మీద పడింది, నిన్ను ఇబ్బంది పెడుతున్నాను, అని ఆయనే నొచ్చుకున్నాడు. మర్నాటి నుంచి కత్తి సొరుగులో పెట్టేశాను. ఇప్పుడంతా మెషినే నయమంటున్నారండీ, కత్తితో రోగాలు, అని చెబుతున్నాను. నమ్మారు. కత్తెర ఒక్కటి మిగిలింది. కత్తెరతో ప్రాణాలు పోవులే అనుకున్నాను. ఇదిగో.

మూడూ ఇరవై రెండు. తీరా టైమయ్యాక తువ్వాలు ఎత్తడానికి చెయ్యి రాలేదు. ఇంకో నిమిషం ఇద్దాం. ఇంకో అరనిమిషం. అంచు పట్టుకుని నెమ్మదిగా లేపాను, బట్ట గాయానికి అతుక్కుని ఉంది, లాగితే మళ్ళీ తెరుచుకుంటుందేమో, కడగడానికని ముందే గ్లాసులో కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్ళు చుక్కలు చుక్కలుగా పోసి నానబెట్టాను. వచ్చింది. రక్తం ఆగింది. ఆగిందా? చూస్తుండగా ఒక మూల నుంచి సన్నగా ఒక బొట్టు ఊరింది, నిండింది, జారలేదు. నేను ఊపిరి వదిలాను. ఆ ఊపిరికే ఉలిక్కిపడిందో, ఉప్పునీళ్ళ మంటకో, బొగ్గు ఒక్క గుంజు గుంజి నా ఒళ్ళోంచి లేచి, మూడు కాళ్ళ మీద గెంతి, మంచం కిందికి దూరింది. నేల మీద ఎర్ర చుక్కలు. గోడ వారకి, మూలకి, నా చెయ్యి అందనంత దూరానికి.

బొగ్గూ, అన్నాను. రావే, అన్నాను. నేను బోర్లా పడుకుని చూస్తే చీకట్లో దాని కళ్ళు రెండూ కనబడ్డాయి, తక్కినది చీకటిలో కలిసిపోయింది. పళ్ళు చూపించింది. నాలుగేళ్ళలో నాకు ఎప్పుడూ చూపించలేదు. గుర్రు శబ్దం మంచం పట్టెల గుండా నా భుజంలోకి వచ్చింది. ఒదిలేద్దామా, కోడలు వచ్చాక తీస్తుంది, తన మాటైతే ఇది వింటుంది. అప్పటికి గంటన్నర. నేల మీద ఇంకో చుక్క పడిన చప్పుడు వినబడ్డట్టు అనిపించింది. చుక్క పడితే చప్పుడవుతుందా. భయపడేవాడికి అవుతుంది. చెయ్యి చాపాను. ఏ చెయ్యి అని ఆలోచించలేదు, మంచం కింద కుడి చెయ్యే చాపడానికి వీలైంది. మెడ పట్టీ కోసం వెతుకుతుంటే, మణికట్టు మీద ఏదో మూసుకుంది. తడిగా, వేడిగా. పళ్ళు.

కొరకలేదు. నొక్కలేదు. పట్టుకుని ఉంది అంతే. లాగితే తెగుతుంది, లాగకపోతే ఏమవుతుందో తెలీదు. చెంప నేలకి ఆనించి అలాగే ఉండిపోయాను. దుమ్ము వాసన, రక్తం వాసన. చెయ్యి వణుకుతోంది. దాని పళ్ళ మధ్య నా ఎముక టకటకమంటూ చిన్నగా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది, దానికీ తెలుస్తూ ఉండాలి. ఏడు నెలలుగా జేబులో, తువ్వాలు కింద, వీపు వెనకాల దాచుకుంటూ వచ్చినది ఇప్పుడు ఒక కుక్క నోట్లో ఉంది. ఎంతసేపు ఉన్నామో. గడియారం నాకు కనబడడం లేదు. తప్పు నాదేనే, అన్నాను. పైకే అన్నాను. నిన్ను కోసింది నేనే. ఆ మాటలు దానికి అర్థం కావని తెలుసు, అయినా గొంతులో ఏదో తేడా విన్నదేమో, లేక దవడ అలిసిపోయిందో, నోరు తెరిచింది. మణికట్టు మీద నాలుగు గుంటలు, చర్మం చిట్లలేదు. మెడ పట్టీ దొరికింది. నెమ్మదిగా లాగుతుంటే తనే పాకుతూ వచ్చింది.

తరువాతంతా కట్టు. మా ఆవిడ మోకాలికి వాడిన సాగే పట్టీ బీరువాలో ఉంది, సెలూన్ దూది చుట్ట ఉంది. ముందు మెత్తని బట్ట, దాని మీద దూది, కింద నుంచి పైకి చుట్టండి, ప్రతి చుట్టూ ముందటి చుట్టుని సగం కప్పాలి, అన్నాడు కంపౌండరు. చెబితే ఎంత తేలిక. మొదటిసారి వదులైంది, మూడో చుట్టుకే మేజోడులా కిందికి జారింది. రెండోసారి పంతం పట్టి బిగించాను. బిగించి, మెచ్చుకుని, పట్టీ చివర గుడ్డపీలికతో ముడి వేశాను. ముడి వెయ్యడానికి చెయ్యి ఒప్పుకోక పంటితో లాగాను. వేళ్ళు చల్లగా ఉన్నాయేమో చూస్తుండండి, చల్లబడితే రక్తం అందడం లేదన్నట్టు, అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. దాని కాలి వేళ్ళు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. రెండో కాలి వేళ్ళు పట్టుకున్నాను. అవి వెచ్చగా. ముడి రావడం లేదు. తడిసిన పీలిక, నేనే పంటితో బిగించిన ముడి. గోరు దూరదు. కత్తెర తలుపు దగ్గరే పడి ఉంది. అక్కడి నుంచి ఇక్కడికి నాలుగు అడుగులు. కాలు చచ్చుబడినా సరే దాన్ని మళ్ళీ ఈ కాలి దగ్గరికి తీసుకురాను. వంగి, మళ్ళీ పంటితోనే, కుక్క బొచ్చు నోట్లోకి వస్తుంటే, కొరుకుతూ, లాగుతూ, ఉమ్ముతూ, నమిలి నమిలి తెంపాను. బొగ్గు నన్ను వింతగా చూసింది. తన పని నేను చేస్తున్నాననుకుందేమో. పట్టీ విప్పేశాను. వేళ్ళు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా. ఇంకా చల్లగా. కొంచెం నయం. తరువాత, చాలాసేపటికి, వెచ్చగా.

మూడోసారి ఎడమ చేత్తో చుట్టాను. కుడి చెయ్యి ఊరికే దూదిని ఒత్తి పట్టుకుంది. వికారంగా ఉంది కట్టు, ఒకచోట లావు, ఒకచోట సన్నం, కానీ రెండు వేళ్ళు దూరుతున్నాయి, జారడం లేదు, పట్టీ మీద ఎరుపు రూపాయంత వచ్చి ఆగింది. నాలుగూ నలభై ఐదు. నేల తుడిచాను. కత్తెర కడిగి సొరుగులో పెట్టాను. కోసిన బొచ్చు కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోశాను. దొంగతనం చేసినవాడు కూడా ఇంత శుభ్రం చెయ్యడేమో. గేటు చప్పుడైంది.

“ఏమైంది దీనికి?” వాకిట్లోనే సంచి వదిలేసి గదిలోకి వచ్చింది కోడలు. బొగ్గు తోక ఊపడానికి లేవబోయి కూలబడింది.

“బయటికి వెళ్ళిందమ్మా. ఆ మేస్త్రీ రేకు గీసుకున్నట్టుంది.” కుక్క వంక చూస్తూనే చెప్పాను. గుటక మింగాను కూడా, చాలా స్పష్టంగా, నాకే వినబడింది. కానీ ఊరందరి మొహాలూ చదివే ఆ పిల్ల నా మొహం వంక చూడనే లేదు. మామగారి మొహంలో తనిఖీ చేసేదేముంటుంది అన్నట్టు, కట్టు నిమిరి, “డాక్టరు?” అంది. ఐదున్నరకన్నాను. “చెప్పాను. పోయిన వారమే చెప్పాను ఆ మనిషికి,” అంటూ లేచి బయటికి వెళ్ళిపోయింది.

నేను కుక్క దగ్గరే కూర్చున్నాను. కిటికీలోంచి మాటలు వినబడుతున్నాయి.

“మీరు చెప్పిన రోజే అంచులు మడిచి పెట్టానమ్మా. కావాలంటే వచ్చి చూడండి.”

“మడిస్తే మరి ఎలా తెగింది? గాయం గాల్లోంచి వచ్చిందా? మీ ఓనరు నంబరుంది నా దగ్గర.”

“ఓనరుకొద్దమ్మా. ఇప్పటికే ఒకసారి పని మాన్పించాడు. ఈ గోడ అయ్యేదాకా…” తట్ట కింద పెట్టిన చప్పుడైంది. తరువాత అన్నాడు, “సరేనమ్మా. పొరపాటైంది. నాదే పొరపాటు.”

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. నేను రేకు మీద నింద వేశాననుకున్నాను. రేకు వెనకాల ఒక మనిషి ఉంటాడనీ, చేతులు కట్టుకుని తను చెయ్యని తప్పు ఒప్పుకుంటాడనీ అనుకోలేదు. లేచాను. వాకిలి దాటితే అబద్ధం పోతుంది, దానితో పాటు సెలూన్ పోతుంది, ఏడు నెలలుగా ఏదైతే జరగకూడదనుకున్నానో అది జరుగుతుంది. దాటకపోతే ఈ మనిషికి పని పోతుంది. ఇంత తేలిక లెక్కకి కూడా నేను గుమ్మంలో గోడ పట్టుకుని కాసేపు నిలబడ్డాను. నిలబడ్డానని ఒప్పుకోవాలి. అప్పటికే కోడలు ఫోను తీసి ఓనరు నంబరు వెతుకుతోంది.

“అమ్మాయ్, ఫోను పెట్టెయ్.”

“మీరు లోపలికి వెళ్ళండి మావయ్యా, నేను మాట్లాడతాను.”

“రేకు కాదు. నేనే కోశాను. కత్తెరతో.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. మేస్త్రీ సిమెంటు అంటిన చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాడు. “మీరా?” అంది కోడలు. “మీ చేతిలో కత్తెర జారడమేంటి?” ఎత్తిపొడుపు కాదు. నమ్మకం. జారిందమ్మా అంటే అక్కడికి సరిపోతుంది, అబద్ధం కూడా కాదు, రేపు ఎప్పటిలాగే షట్టరు ఎత్తుకోవచ్చు. రేపు పొద్దున మొదట వచ్చేది ఆ హెడ్మాస్టరు. ఆయన చెవులు.

చెయ్యి చాపాను. కుడి చెయ్యి, వేళ్ళు విడదీసి, ఆ ఎండలో, ఇద్దరి ముందూ. నిలబెడదామని ప్రయత్నించలేదు. అది తన ఇష్టం వచ్చినట్టు ఆడింది. మేస్త్రీ చప్పున చూపు తిప్పుకుని తన సిమెంటు తట్ట వంక చూశాడు. కోడలు తిప్పుకోలేదు.

“ఎన్నాళ్ళయింది?”

“ఏడు నెలలు.”

“మీ అబ్బాయికి తెలుసా?”

“ఎవరికీ తెలీదు.”

“ఒక్క చెయ్యేనా, రెండూనా?”

ఒక్కటే అనబోయి ఆగాను. నాకు తెలీదు. ఇన్నాళ్ళూ కుడి చేతిని కాపలా కాయడంతోనే సరిపోయింది, ఎడమ చెయ్యి వంక చూసే ధైర్యం చెయ్యలేదు. అది కూడా చాపాను, కుడి చేతి పక్కనే. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకున్నాను కూడా. ఎంతసేపని. ఎక్కడో బస్సు హారను వినబడింది.

“ఎడమది కదలడం లేదండీ,” అన్నాడు మేస్త్రీ. “బాగానే ఉంది అది.”

కళ్ళు తెరిచి అతని మొహం చూశాను ముందు. నా చెయ్యి తరువాత చూసుకున్నాను.

“మీరు చెయ్యనిది మీ చేత ఒప్పించాను, ఏమనుకోకండి,” అంది కోడలు అతనితో. అతను, పర్లేదమ్మా, అని అంతటితో ఊరుకోకుండా లోపలికి వచ్చి బొగ్గుని రెండు చేతులతో ఎత్తి, రోడ్డు మీద కోడలు ఆపిన ఆటో దాకా మోసుకొచ్చాడు. నేను ఎక్కాను. కోడలు నా పక్కన కూర్చుంది. బొగ్గు ఇద్దరి ఒళ్ళలో సగం సగం. కోపంగా ఉందా అని అడగాలనుంది. ఉంది, మొహం చూస్తే తెలుస్తూనే ఉంది, దేనికి ఎక్కువ కోపమో మాత్రం తెలీలేదు, కోసినందుకా దాచినందుకా.

“రేపు షట్టరు ఎత్తకండి,” అంది కొంచెం దూరం పోయాక.

“రేపు పొద్దున్నే వస్తామన్నవాళ్ళున్నారమ్మా.”

“రానివ్వండి. నేను ఉంటాను అక్కడ. చెబుతాను.”

“ఏమని చెబుతావు?”

“మా మావయ్య చెయ్యి బాగాలేదు, డాక్టరు దగ్గరికి వెళ్ళారు అని.”

బాగాలేదు. ఏడు నెలల్లో ఆ మాట ఒక మనిషి నోటి వెంట వినడం అదే మొదలు. వింటే ఏమవుతుందో అని ఎంత హడలిపోయానో, అది విన్నాక కూడా బండి గతుకుల్లో ఎగురుతూ పోతూనే ఉంది. డ్రైవరు వెనక్కి తిరిగి చూడలేదు. బొగ్గు ఆవలించింది. భయం పోలేదు, దాని చోటు అది వదల్లేదు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను. దాని మీద తువ్వాలు కప్పబోయి, మానేశాను.